రెండో టర్బోకు కట్టిన తీగ

బచేలి నుంచి ఇనుప గని కొండ ఎక్కే రోడ్డులో, మూడో మలుపు దగ్గర, ఉదయం తొమ్మిదింపావుకు కుంజా రామయ్య బండి వెనక్కి జారింది. స్టీరింగు దగ్గర రామయ్య, మిగతా సీట్లలో ఏడుగురం. అందులో నేనొకణ్ణి. ఎక్కుడు మీద బండి ఆపించి, ఇప్పుడు లేపమన్నాడు ముందు సీట్లో కూర్చున్న ఠేకేదారు గుమాస్తా, అంటే గనికి బండ్లు పెట్టే కాంట్రాక్టరు మనిషి. రామయ్య క్లచ్ వదులుతూ యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను మూలిగింది, వణికింది, ఆగిపోయింది. బండి రెండు బారలు వెనక్కి పోయాక గాని బ్రేకు పట్టలేదు. వెనక సీట్లోని కూలీ ఒకడు, ఎవరూ చెప్పకుండానే దిగి చక్రం కింద రాయి పెట్టాడు. రెండోసారీ ఇదే జరిగింది. మూడోసారికి గుమాస్తా ఒప్పుకోలేదు. కిందికి దిగి ప్యాంటుకు అంటిన ఎర్రదుమ్ము దులుపుకుని, అట్టకు బిగించిన కాగితం మీద ఒకే మాట రాశాడు: ఫేల్.

ఇంకొక్క అవకాశం ఇమ్మని రామయ్య హిందీలో అడిగాడు.

"ఇది స్కూలు పరీక్ష కాదు, సప్లిమెంటరీ పెట్టడానికి" అని గుమాస్తా కూడా హిందీలోనే జవాబిచ్చి, పైనుంచి దిగుతున్న ఇంకో జీపును ఆపి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాటతో పోయిందేమిటో చెప్పాలి. షిఫ్టు మనుషులను కొండ మీదికి చేరవేసే అద్దె బండ్లలో ఒక్కదాన్ని బస్తర్ ఊళ్ళవాళ్ళకు ఇస్తానని ఆ ఠేకేదారు ఊరి పెద్దల ముందు ఒప్పుకున్నాడు. మిగతావన్నీ బయటివాళ్ళవే. రామయ్యది ఎర్రబోరు వైపు ఊరు. గీదంలో అద్దె ఇంట్లో ఉంటూ సుక్మా దారిలో పదకొండేళ్ళు ఒకరి షేర్ జీపు నడిపాడు. ఈ ఒక్క స్థానం కోసం ఆ పని మానేసి సొంత బండి కొన్నాడు. నిండా మనుషులతో కొండ ఎక్కాలి, ఎక్కుడులో ఆగి మళ్ళీ లేవాలి. అక్కడి పరీక్ష అంతే.

నేను పత్రికలో చాలాకాలం ఆదివారం వాహనాల పేజీ బాధ్యత చూశాను. వార్తల పని మీద బస్తర్ వెళ్ళినప్పుడల్లా రామయ్య జీపే ఎక్కేవాణ్ణి. ఈ పరీక్షకు వారం ముందు ఫోన్ చేశాడు.

"సార్, పాత ఫారిన్ బండి కొన్న. డీజిలుది. దాంట్ల రెండు టర్బోలు ఉన్నయ్. మంగళారం ట్రయలు. మీరొచ్చి పక్కన కూసుంటే నాకు ధైర్యం."

సోమవారం పొద్దున విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. బండి ఏడు లోపే కదులుతుంది. కిటికీ సీటు కావాలంటే ఆరుకల్లా స్టేషనులో ఉండాలి. శృంగవరపుకోట దాటగానే సొరంగాలు మొదలవుతాయి. అరకు వరకు పెట్టె నిండా ఫోటోలు తీసుకునేవాళ్ళు, అరకు తర్వాత పెట్టెలో పదిమంది. ఇంటినుంచి తెచ్చుకున్న ఇడ్లీలు అక్కడే తినేశాను. ఆ తర్వాత కోరాపుట్‌లో సమోసాలు, జగ్దల్‌పూర్‌లో టీ తప్ప నమ్ముకోదగిందేమీ దొరకలేదు. వెళ్ళేవాళ్ళు రెండు పూటలకు సరిపడా కట్టుకుని వెళ్ళడం మంచిది.

రైలు మధ్యమధ్య ఆగిపోతూ ఉంటుంది. ఖనిజం నింపుకున్న గూడ్సు ఎదురు రావాలి, అది పోతే గాని మనం కదలం. జయపురం దాటాక మూడోసారి గడియారం చూసుకుంటుంటే ఎదుటి సీట్లో ఆవిడ నవ్వింది. మెడలో చిన్న శిలువ, ఒళ్ళో ఊరగాయ జాడీ. ఊరు బొబ్బిలి దగ్గరట. భర్త ఈ లైన్లో పట్టాలు చూసే గ్యాంగ్‌మేటు.

"ఏటి బాబూ, గడియారం సూసుకుంటన్నారు? ఈ లైన్లో ముందు ఖనిజం ఎల్తాది. మనుషులు తరవాత."

"మీకు అలవాటైపోయిందా?"

"నాకు అలవాటే. మా అత్తకే అవలేదు. పెళ్ళిళ్ళకి లేటుగా ఎల్తే, కోడలు కావాలనే లేటు సేసిందనీది. ఓసారి ఈ రైలెక్కించి తీసుకొచ్చేను. మరి నోరెత్తలేదు."

బచేలిలో దిగేసరికి రాత్రి ఎనిమిది దాటింది. రామయ్య వచ్చి ఉన్నాడు. బండి ముదురాకుపచ్చది, వెడల్పు ముక్కు, ఇరవై ఏళ్ళ పాతది. హైదరాబాదులో ఇద్దరి ముగ్గురి చేతులు మారి ఇతని దగ్గరికి చేరింది. స్టేషను నుంచి రోడ్డు మీదికి వచ్చే చిన్న ఎత్తు దగ్గర ఇంజను బద్ధకించింది. రామయ్య గేరు దించి లాగించాడు. నేను గమనించాను. పాత బండి కదా అనుకున్నాను. చదునైన రోడ్డెక్కి వేగం అందుకోగానే సన్నగా ఈల వేస్తూ, కొత్తదానిలా పోయింది.

"ఎట్లుంది సార్?" అని అడిగాడు.

బాగుందన్నాను. అతని ముఖం చూశాక ఇంకో మాట రాలేదు. రెండు టర్బోల బండి కింది వేగంలో అలా నీరసించకూడదని నాకు తెలుసు. ఆ సంగతి అప్పుడే చెప్పి ఉంటే మాకు ఇంకా పన్నెండు గంటలు చేతిలో ఉండేవి.

బస్టాండు దగ్గరి లాడ్జీలో పడుకున్నాను. గదులు తక్కువ, గుర్తింపు కార్డు లేనిదే తాళం ఇవ్వరు. మర్నాడు జరిగింది మొదటే చెప్పాను.

కొండ దిగి బండిని నేరుగా సన్యాసి మేస్త్రీ షెడ్డుకు తెచ్చాం. ఆయనది విజయనగరం వైపు. గనిలో ఖనిజం మోసే డంపర్ల షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక ఊరికి పోకుండా ఇక్కడే రేకుల షెడ్డు వేసుకున్నాడు. బచేలిలో ఏ ఇంజను మొరాయించినా చివరికి ఆయన దగ్గరికే వస్తుందని రామయ్య అన్నాడు. ఈ బండినీ రామయ్య పది రోజుల కిందట ఆయనకే చూపించాడు. వేగం పెంచుతుంటే మధ్యలో ఒకసారి వెనక నుంచి ఎవరో తోసినట్టు అవుతోందని అప్పట్లో అతని ఫిర్యాదు.

బానెట్ ఎత్తి టార్చి వేసి చూశాను. రెండో టర్బోకు పొగ వెళ్ళే దారిలో ఒక తలుపు ఉంటుంది. ఆ తలుపు తెరిచే చిన్న లీవరును ఇనుప తీగతో కట్టేసి ఉంది. దాన్ని నడిపే రబ్బరు గొట్టం ఊడదీసి, నోట్లో ఒక స్క్రూ బిగించి ఉంది.

"ఇది ఎవరు కట్టారు?"

"నానే" అన్నాడు మేస్త్రీ. "ఇంజను నడస్తంటే గాలి గొట్టం ఊడదీసి సూసేను బాబూ. ఒక టర్బో గిర్రున తిరగతంది, రెండోది కదల్లేదు. దాని తలుపు మూసుకుపోనాది. తెరిసి కట్టీసేను. రెండూ తిరిగేయి. గీదం రోడ్డులో తోలితే గాలికి గెంతింది."

తప్పు ఎక్కడ జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. డీజిల్ ఇంజను బలం అది పీల్చే గాలిని బట్టి ఉంటుంది. బయటికి పోయే పొగ జోరుకు ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని దట్టించి ఇంజనులోకి నెడుతుంది. టర్బో అంటే ఇదే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పొగ తక్కువ. ఆ కాస్త పొగా ఒక్క టర్బోకే పోతే అది వెంటనే అందుకుంటుంది. అందుకే ఇలాంటి బండిలో కింది వేగంలో రెండోదాని తలుపు మూసి, దాన్ని కావాలనే పడుకోబెడతారు. వేగం పెరిగి పొగ ఎక్కువయ్యాక తలుపు తెరుచుకుంటుంది, రెండోది లేస్తుంది, అప్పుడు రెండూ కలిసి ఊదుతాయి. రెండోది లేచే క్షణంలో వెనక నుంచి తోసినట్టు ఒక చిన్న ఊపు వస్తుంది. రామయ్య రోగం అనుకున్నది ఆ ఊపునే. పాతకాలపు బండి కాబట్టి, తీగ కట్టినా డాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలిగి హెచ్చరించలేదు.

ఇదంతా చెబితే మేస్త్రీ ఆ లీవరు మీదికి వంగి చూశాడు. రామయ్యే అన్నాడు.

"అంటే మా చేన్ల ఉన్న ఒక్క కాలవ నీళ్ళను రెండు మళ్ళకు ఒక్కసారే ఇడిసినట్టు. రెండూ తడవయ్."

"అంతే."

"చదును రోడ్డు మీద కాలవ నిండుగ పారింది, రెండూ తడిసినయ్. కొండ మీద ఎండిపోయింది."

మేస్త్రీ తల ఎత్తాడు. "డంపర్లకి అటొకటి, ఇటొకటి ఉంటాయి. ఇంజను లెగిస్తే రెండూ లెగుస్తాయి. ఒకటి తిరగలేదంటే సచ్చినట్టే. ముప్పయ్యేళ్ళు అదే సూసేను. నిద్దరోయే టర్బో ఉంటాదని నాకెవుడు సెప్పేడు?"

"బతికున్నదాన్ని సచ్చిందని జెప్పి పాడె కట్టినవ్, మేస్త్రీ" అన్నాడు రామయ్య.

"ఒరే రావయ్యా, నువ్వు దెబ్బలాడాలంటే దెబ్బలాడు. ముందు ఆ కటింగ్ ప్లేరు ఇలా ఇయ్యి."

తీగ తానే కోశాడు. స్క్రూ తీసి గొట్టం తొడిగాడు, లీవరును వేలితో నాలుగైదుసార్లు కదిలించి చూశాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. షెడ్డు దగ్గరున్నవాళ్ళను ఏడుగురిని ఎక్కించుకుని, కొండ మొదట్లో గని గేటుకు ఇవతల ఉన్న ఎక్కుడు మీదికి పోయాం. రామయ్య ఆపి లేపాడు. బండి ఒక్క వణుకైనా లేకుండా పైకి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు వేగం పెంచితే ఆ ఊపు వచ్చింది.

"ఇదే సార్, ఈ దెబ్బే" అన్నాడు రామయ్య. గొంతులో సంతోషం లేదు.

నాలుగింటికి ఠేకేదారు ఆఫీసుకు వెళ్ళాం. మేస్త్రీ ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. తాను తప్పుగా తీగ కట్టానని, బండిలో లోపం లేదని, మళ్ళీ పరీక్ష పెట్టాలని హిందీలో కాగితం రాయించి కింద సంతకం చేశాడు. ఆయన్ను అలా రాయమని నేను అడగలేదు, రామయ్యా అడగలేదు. సంతకం చేసేటప్పుడు మాత్రం, "డంపర్ షెడ్డోలు ఇంటే నవ్వుతారు" అని తనలో తాను అనుకున్నాడు.

గుమాస్తా కాగితం రెండుసార్లు చదివాడు. ముసలాయన వంక మర్యాదగానే చూశాడు.

"ఈ పెద్దాయన కంటే పెద్ద మేస్త్రీ బచేలిలో ఎవరున్నారు?" అని రామయ్యను అడిగాడు.

"ఎవరూ లేరు సాబ్."

"ఆయనకే అర్థం కాని ఇంజను రేపు మలుపు మీద ఆగితే ఎవరు బాగుచేస్తారు? షిఫ్టు మనుషులు రోడ్డు మీద నిలబడాలా?"

రామయ్య నా వంక చూశాడు, నేను కాగితం వంక చూశాను. తన నిజాయితీ ఏ పనికి వచ్చిందో మేస్త్రీకి కాస్త ఆలస్యంగా అర్థమైంది. కుర్చీలోంచి లేచి చొక్కా సర్దుకుని బయటికి నడిచాడు. కాగితాన్ని పెద్ద సాబ్‌కు చూపిస్తానని గుమాస్తా గాజు పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. ముట్టినట్టు ముద్ర వేసిమ్మంటే, ముద్ర లోపలి గదిలో ఉందన్నాడు.

బుధవారం పొద్దున ఆరింటి రైలుకు రామయ్య దిగబెట్టాడు. దారిలో తమ్ముడు ఫోన్ చేస్తే తమ భాష దోర్లీలో మాట్లాడి పెట్టేశాడు. ఏమన్నాడని అడిగాను.

"నా పాత జీపు ఓనరు కొత్త డ్రైవర్ను పెట్టుకున్నడంట" అన్నాడు.

తిరుగు దారిలో రైలు ఇంకా ఎక్కువసార్లు ఆగింది. అప్పుడు ఎదురొచ్చే గూడ్సు కోసం ఆగాం, ఇప్పుడు వెనక వచ్చే గూడ్సుకు దారి ఇవ్వడానికి ఆగాం. ఆగిన ప్రతిచోటా అదే ఎర్ర ఖనిజం మమ్మల్ని దాటి సముద్రం వైపు పోయింది. ఆ కొండ సన్యాసి మేస్త్రీకి ముప్పై ఏళ్ళు పని నేర్పింది, కానీ కొండకు కావలసినంతే నేర్పింది. డంపరు ఇంజను ఆయన కళ్ళు మూసుకుని విప్పగలడు. ఊళ్ళో ఒక మనిషి బతుకుతెరువు కోసం కొనుక్కున్న బండి ఇంజను ఎలా ఉంటుందో ఆయనకు చెప్పవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ అవసరం నాకు వచ్చింది. సోమవారం రాత్రే వచ్చింది, నేను మంగళవారం మధ్యాహ్నం చెప్పాను.

ఈ కథనం పత్రికకు పంపే ముందు రామయ్యకు ఫోన్ చేశాను. ఆ కాగితం మీద ఇంకా ముద్ర పడలేదు. ఊళ్ళవాళ్ళకు ఇస్తామన్న ఆ ఒక్క స్థానాన్ని ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు. రామయ్యకు ఇవ్వబోమని కూడా ఎవరూ చెప్పలేదు.