బేదులనుకున్నాం

ఆ సాయంత్రం హరి మిఠాయి ముక్క తీసుకోలేదు. నా చెయ్యి తోసేసి, వెళ్ళి బీరువా పక్కన సందులో నిలబడ్డాడు. ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

హరి నా కొడుకు. అప్పుడు వాడికి ఏడేళ్ళు. ఆటిజం ఉంది, మాటలు లేవు. మాది కోవిల్‌పట్టి. వేరుశెనగ మిఠాయి తయారుచేసే షెడ్డులో ప్యాకింగ్ పని నాది. మా ఆయన ఆలంగుళం వైపు సున్నపురాయి మోసే టిప్పర్ నడుపుతాడు. ఊరంతా తమిళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా రాయడం వచ్చింది నాకొక్కదానికే, మా నాయన నేర్పాడు. భాషలో తప్పులుంటే సర్దుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

ఆ మిఠాయి ముక్క సంగతి ముందు చెప్పాలి. హరికి కక్కూసుకు వెళ్ళడం నేర్పింది దాంతోనే. స్కూలు నుంచి రాగానే లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టేదాన్ని. పని అయితే బయటికొచ్చాక ఒక ముక్క. కాకపోతే ముక్క లేదు, తిట్టూ లేదు. ఏడాది పట్టింది. చివరికి వాడే వెళ్ళి, వాడే కూర్చుని, వాడే చెంబుతో నీళ్ళు పోసుకుని, తడిచేయి నా ముందు చాపేవాడు. కలెక్టరు తల్లికి కూడా నాకున్నంత పొగరు ఉండదు ఆ రోజుల్లో. చుట్టాలింటికి వెళ్ళినా "మావాడు తనే పోతాడు" అని అడగని వాళ్ళకి కూడా చెప్పేదాన్ని.

ఆ వేసవిలో వాడికి జ్వరం వచ్చి తగ్గింది. తిండి సరిగా లేదు, నీళ్ళ గ్లాసు చూస్తే మూతి తిప్పుకునేవాడు. ఆ సాయంత్రం లోపలికి వెళ్ళినవాడు కెవ్వుమని అరిచాడు. నేను పరిగెత్తేసరికి బయటికి వచ్చేశాడు. పింగాణీ మీద సన్నగా నెత్తుటి చార కనిపించింది. వేడి చేసిందిలే అనుకున్నాను. కోవిల్‌పట్టి ఎండల్లో అందరికీ అన్నీ వేడి వల్లే వస్తాయి కదా. సబ్జా గింజలు నానబెట్టి తాగించబోతే ఊసేశాడు.

ఆ తర్వాత వాడు ఆ గదిలోకి వెళ్ళడం మానేశాడు. బీరువా సందులో మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు రెండూ మెలేసి, గోడ పట్టుకుని బిగుసుకుపోయేవాడు. మొహం ఎర్రబడేది, చెమటలు పట్టేవి. కాసేపటికి వదిలేసి మామూలుగా ఆడుకునేవాడు.

విరుదునగర్‌లో వాడికి థెరపీ చెప్పే మేడం ఉంది. మంచి మనిషి. మునివేళ్ళ మీద నిలబడుతున్నాడని, కక్కూసుకు రమ్మంటే కొరుకుతున్నాడని చెప్పాను. "ఇది రిగ్రెషన్ అమ్మా, నేర్చింది వెనక్కి పోవడం. బిహేవియర్ అంతే. రొటీన్ విడవకండి" అంది. ఆమెని ఏమనగలను? నేను చెప్పినదాన్ని బట్టే ఆమె చెప్పింది. మునివేళ్ళ మీద నడవని ఆటిజం పిల్లాడు ఆ సెంటర్లో ఎవడున్నాడు?

మా ఆయన మాత్రం, "ఏమే, ముక్క చిన్నదైపోయిందేమో. పెద్దది ఇచ్చి చూడు" అన్నాడు.

"నువ్వు తినేదానికి అడగతాండావా, వాడికి అడగతాండావా?" అన్నాను. ఇంకా నవ్వులాటగానే ఉంది మాకు.

తర్వాత మొదలయింది కారడం. నిక్కరు నిండా పలచగా, నీళ్ళలా. కడిగి ఇంకోటి వేస్తే కాసేపట్లో అదీ అంతే. ఆ వాసన మామూలు వాసన కాదు. ఇల్లంతా పట్టేసింది, సాంబ్రాణి వేసినా పోలేదు. వాడు మాత్రం ఏమీ తెలియనట్టు తిరిగేవాడు. స్కూలు టీచరు ఫోన్ చేసి, "హరికి లూజ్ మోషన్ పోతాండాది అక్కా, వచ్చి పిలుచుకొని పో. బాగయినంక పంపు చాలు" అంది. ఆ చివరి మాట నాకు చలి పుట్టించింది. ఆ స్కూల్లో చేర్చుకునేటప్పుడే చెప్పారు, కక్కూసు అలవాటు ఉంటేనే ఉంచుకుంటామని. అది పోతే వాడి చదువు ఇంటి గడప దగ్గరే ఆగిపోతుంది.

మా అత్త చీర కొంగు దోపుకుని అరగదీసే రాయి తీసింది.

మా వైపు ఇళ్ళల్లో పసిబిడ్డ పుట్టగానే ఉరైమందు సిద్ధం చేస్తారు. జాజికాయ, మాచికాయ, వస, కరక్కాయ, ఇలాంటివి ఉడకబెట్టి ఎండబెట్టి డబ్బాలో దాస్తారు. బిడ్డకి ఏ నలత వస్తే ఆ కాయ రాతి మీద అరగదీసి నాలుకకి రాస్తారు. కడుపు చెడితే మాచికాయ. వగరు మందు, బేదులను కట్టేస్తుంది. మా ఆయన్నీ, ఆయన తోబుట్టువుల్నీ అత్త ఆ రాయితోనే పెంచింది.

"భయపడొద్దే. మాచికాయ పోస్తే నిల్లిపోద్ది" అంది.

నిజంగానే నిలిచిపోయింది. రెండు రోజులు నిక్కరు పొడిగా ఉంది. మా ప్రాణాలు లేచొచ్చాయి. మళ్ళీ కారితే మళ్ళీ పోసింది, ఈసారి ఇంకాస్త చిక్కగా. వాడి ముక్కు మూసి నోరు తెరిపించింది నేనే. పాలు ఆపేశాం, ఆకుకూర, పండ్లు ఆపేశాం. గంజి, మజ్జిగన్నం, అరటికాయ వేపుడు. ఎవరో చెబితే దానిమ్మ తొక్క కషాయం కూడా. కట్టేసే వస్తువు ఊళ్ళో ఏదుందో అది వెతికి మరీ పెట్టాం.

అలా వారాలు గడిచాయి. వాడి చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. తినడం తగ్గింది. రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాడు. ఇంకొకటి కూడా చేసేవాడు. నా దగ్గరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని, తన పొట్ట మీద పెట్టుకునేవాడు. చిన్నప్పటి నుంచి నేను వాడికి అక్కడే గిలిగింతలు పెట్టేదాన్ని. అదే అడుగుతున్నాడనుకుని వేళ్ళు ఆడించేదాన్ని. వాడు నవ్వేవాడు కాదు. నా చేతిని ఇంకా గట్టిగా అదిమేవాడు. నాకు ఎక్కడో కలుక్కుమనేది, కానీ అప్పటికి పొయ్యి మీద ఏదో ఒకటి పొంగేది.

ఒక ఆదివారం పొద్దున లేచినప్పటి నుంచి వాడు ఒంటేలుకు వెళ్ళలేదు. పొద్దెక్కే కొద్దీ ఏడుపు ఎక్కువైంది. అది రోజూ ఏడ్చే ఏడుపు కాదు, సన్నగా, ఆగకుండా, గొంతులోంచి వచ్చే మూలుగు. నిక్కరు విప్పి చూస్తే కింది పొట్ట బిగిసిపోయి ఉబ్బింది. చెయ్యి వేస్తే లోపల గట్టిగా ఏదో తగిలింది. అది నా బిడ్డ ఒంట్లో ఉండాల్సింది కాదు.

మా ఆయన పక్కింటి వాళ్ళ కారు అడిగి తెచ్చాడు. సాత్తూరు మీదుగా విరుదునగర్ బయల్దేరాం. హరి నా ఒళ్ళో అడ్డంగా పడుకుని, కాళ్ళు ఊరికే బిగిస్తూ వదులుతూ ఉన్నాడు. అత్త ముందు సీట్లో కూర్చుని పెదాలు కదుపుతూ ఉంది. దేవుళ్ళను పిలుస్తోందని తెలిసింది గానీ ఎవర్నో వినబడలేదు.

విరుదునగర్ ఆసుపత్రిలో మొదట చూసినవాళ్ళు ఆటిజం అనగానే అంతా దానివల్లేనన్నట్టు తలలు ఊపారు. తర్వాత పీడియాట్రిక్ సర్జన్ వచ్చింది. పొట్టిగా, పెద్ద గొంతుతో ఉండే మనిషి. ఆమె మాట్లాడింది తమిళంలో, నేను తెలుగు చేసి రాస్తున్నాను. ఏమీ అడగకుండా ముందు పొట్ట మీద చెయ్యి వేసింది. పరాయి మనిషి దగ్గరికొస్తేనే కేకలు పెట్టే హరి ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని పొట్టకి అదుముకున్నాడు.

గిలిగింతల కోసం కాదని అప్పుడు తెలిసింది. ఇన్ని రోజులూ నాకు చెబుతూనే ఉన్నాడు. ఆ ఆసుపత్రి నేల నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"చివరిసారి గట్టిగా, సరిగ్గా మోషన్ ఎప్పుడు పోయాడు?" అని అడిగింది డాక్టరు.

"రోజూ పోతానే ఉండాడు డాక్టర్. నిక్కర్లు ఉతకలేక చస్తాండా" అన్నాను.

"అది లూజ్ మోషన్ కాదమ్మా. ఓవర్‌ఫ్లో."

ఎక్స్‌రే తీసి చూపించింది. పొట్టంతా తెల్లటి ముద్దలు. ఫీకల్ ఇంపాక్షన్ అంది. అర్థమయ్యేలా చెప్పమంటే, జ్వరం, నెత్తుటి చార, మునివేళ్ళ సంగతి నన్నడిగి తెలుసుకుని ఇలా చెప్పింది: "జ్వరంలో మోషన్ గట్టిపడి, పోయేటప్పుడు చీరుకుని నొప్పి పెట్టింది. నొప్పికి భయపడి బిగబట్టాడు. మీరు చూసిన ఆ మునివేళ్ళ మీద నిలబడడం బిగబట్టడమే. లోపల రాయిలా అయిపోయింది. దాని పక్కల నుంచి నీళ్ళలాంటిది మాత్రం కారుతోంది. ఇప్పుడు ఆ ముద్ద యూరిన్ బ్లాడర్‌ని నొక్కేస్తోంది." తర్వాత అడిగింది, "ఆపడానికి ఏమైనా ఇచ్చారా?"

అత్తే చెప్పింది. "మాచికాయ పోసినామమ్మా. నా బిడ్డలకంతా పోసి పెంచినా."

డాక్టరు కోప్పడలేదు. "బేదికి అది మందే, అవ్వా. ఇది బేది కాదు" అంది. నా వైపు తిరిగి, "పిల్లాడికి ఆటిజం ఉంటే కడుపునొప్పి రాకూడదని ఎక్కడా లేదు. వచ్చినవన్నీ ఆటిజమే అనుకోకండి" అంది.

ఒంటేలు తీయడానికి క్యాథెటర్ గొట్టం పెట్టారు. స్కాన్ చేసి కిడ్నీలు కొంచెం వాచాయన్నారు. ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదని అడిగాను. "ఆ మాట ఎందుకమ్మా ఇప్పుడు" అంది డాక్టరు. జవాబు చెప్పినా అంత భయం వేసేది కాదు. ఎనిమాకి ముద్ద కదల్లేదు. మత్తు ఇచ్చి తీయాలన్నారు.

ఓ.టీ. బయట అత్త నా పక్కన కూర్చుని, "నా చేత్తోనే పోసినా గదే" అంటూ అరచేతులు చూసుకుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీదో, నా మీదో, ఆ రాయి మీదో తెలియదు. అయినా వాడు బయటికొచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

వాడు బయటికొచ్చాడు. పొట్ట మెత్తగా ఉంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

డాక్టరు పంపేటప్పుడు మోషన్ మెత్తబడేలా రోజూ నీళ్ళలో కలిపి తాగించే పెగ్ పౌడర్ ఇచ్చింది. "పేగు సాగిపోయింది. నిండినా నిండినట్టు వాడికి తెలియదు. అది మామూలు అవడానికి నెలలు పడుతుంది. బాగయిందని మీ అంతట మీరు ఆపకండి" అని, ఆ చివరి మాట మూడుసార్లు చెప్పింది.

మేం ఆపాం. వాడు మళ్ళీ తేలిగ్గా వెళ్తున్నాడు, నవ్వుతున్నాడు. పుదూరులో పెళ్ళికి వెళ్తే, "రోజూ బేదిమందు పోస్తే ఇంక అది లేకుండా పోడు" అని అందరూ తలా ఒక మాట అన్నారు. మా ఆయనకి మనసులో పడింది. "కొన్నాళ్ళు విడిచి చూద్దామే" అన్నాడు. చూశాం. ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి హరి బీరువా సందులో మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు, కాళ్ళు మెలేసుకుని.

మళ్ళీ విరుదునగర్, మళ్ళీ ఎనిమా. ఈసారి మత్తు లేదు. నలుగురం పట్టుకున్నాం. వాడి కేకలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఆ తర్వాత వాడు కక్కూసే కాదు, స్నానాల గది గుమ్మం కూడా తొక్కలేదు. చాలాకాలం పెరట్లో నీళ్ళ డ్రమ్ము పక్కనే స్నానం చేయించాను. ఏడాది కష్టపడి నేర్పిందంతా కొట్టుకుపోయింది.

మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాం. ముందు ఆ గుమ్మం దాకా నడిచివస్తే ముక్క. తర్వాత లోపల నిలబడితే. తర్వాత నిక్కరుతోనే కూర్చుంటే. పని అవడం, అవకపోవడం మేం పట్టించుకోలేదు. థెరపీ మేడమే దగ్గరుండి ఇది నేర్పింది. పౌడర్ మాత్రం ఒక్క పూట మానలేదు. ఎవరైనా అలవాటవుతుందని మొదలుపెడితే అత్తే అందుకుంటుంది: "నువ్వొచ్చి వాని నిక్కరు ఉతకతావా? నోరు మూసుకో."

ఇప్పుడు వాడికి తొమ్మిది నడుస్తోంది. స్కూలుకి పోతున్నాడు, సంచిలో ఒక నిక్కరు ఎక్కువ పెడతాను. పౌడర్ ఇంకా ఉంది. ఎప్పటిదాకా అంటే డాక్టరు "చూద్దాం" అంటుంది. ఎండలు మొదలైతే నాకు గుండె దడ. బీరువాని గోడకి ఆనించేసి ఆ సందు లేకుండా చేశాం. అయినా వాడు ఇంట్లో కనపడకపోతే నా కళ్ళు ముందు అటే పోతాయి.

మీ ఇంట్లో అలవాటైన బిడ్డ ఉన్నట్టుండి మళ్ళీ నిక్కరు పాడుచేసుకుంటుంటే, కట్టేసే మందు ఏదీ ఇవ్వకముందు డాక్టరు చేత వాడి పొట్ట మీద చెయ్యి వేయించండి. చివరిసారి సరిగ్గా ఎప్పుడు వెళ్ళాడో గుర్తు తెచ్చుకుని ఆ మాట ముందు చెప్పండి. నేను చెప్పగలిగింది ఇదొక్కటే.

మొన్న పొద్దున నేను దోసె పోస్తుంటే హరి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుని అదిమాడు. నేను వేళ్ళు ఆడించలేదు. పొయ్యి ఆపి, షెడ్డుకి ఇవాళ రానని ఫోన్ చేసి, వాడికి చెప్పులు తొడిగి విరుదునగర్ బస్సెక్కాను.