రామాంజినేయులు చదివిన బల్లి పుస్తకం

కర్ణాటకలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న వల్లూరులో, రామాంజినేయులు పొలాన్ని సోలార్ పార్కువాళ్లు కౌలుకు తీసుకుని పలకలు పరిచిన నాటి నుంచి ఆ భూమి ఎండలో పడుకుని సంపాదించడం మొదలుపెట్టింది. యజమానికి మాత్రం నీడలో పడుకుని తినడం అలవాటు కాలేదు. వయసొచ్చినప్పటి నుంచి వేరుశనగ విత్తడం, కలుపు తీయించడం, వాన రాకపోతే ఆకాశాన్ని తిట్టడం, ఇవే ఆయన పనులు. ఇప్పుడు వాన వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే. తిట్టుకోవడానికి ఆకాశం కూడా మిగల్లేదు.

పని లేని మనిషి ఇంట్లో వాళ్ల పని మీద పడతాడు. పచ్చడిలో ఉప్పు ఎంత వేయాలో, చీపురు ఏ చేత్తో పట్టుకోవాలో భార్య కెంచమ్మకు నేర్పబోయాడు. ఆమె వారం ఓర్చుకుంది.

"నీకు దండం పెడతా, యాడికన్నా పోయిరాప్పా. పొద్దుగూకినాక వస్తే చాలు," అంది.

అలా పావగడ వెళ్లినవాడికి ఒక కల్యాణ మంటపం ముందు బ్యానర్ కనిపించింది. వ్యక్తిత్వ వికాస శిబిరం. శిక్షకుడు శివరాజు. నడివేసవిలో కోటు వేసుకుని, టై కట్టుకుని చెమటలు కారుస్తూ, మనసు చల్లగా ఉంచుకోవడం ఎలాగో కన్నడలో చెబుతున్నాడు. కళ్లు మూసుకుని రాబోయే జీవితాన్ని చూడమన్నాడు. హాల్లో సగం మంది చూస్తూ చూస్తూ గురక పెట్టారు. తర్వాత పక్కవాణ్ని కౌగిలించుకోమన్నాడు. రామాంజినేయులు పక్కన కూర్చున్నది పెద్దతిమ్మప్ప. ఇద్దరూ ఒక గట్టు కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్నవాళ్లు. ఇప్పుడు ఆ గట్టు ఎక్కడుందో వాళ్లకే తెలియదు, పలకల కింద కలిసిపోయింది. ఎవరి పక్కటెముకలు ముందు విరుగుతాయో చూద్దామన్నట్టు ఇద్దరూ గట్టిగా కౌగిలించుకున్నారు. శివరాజు కళ్లు చెమర్చాయి.

శిబిరం నుంచి రామాంజినేయులు కొత్త మనిషై వచ్చాడు. బాగుపడాలంటే రోజూ అయిదింటికే లేవాలని శివరాజు చెప్పాడు. ఈయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాలుగింటికే లేచేవాడు. అందుకని ఇప్పుడు మెలకువ వచ్చినా, అయిదు కొట్టేదాకా పంటి బిగువున పడుకుంటున్నాడు. అభివృద్ధి అంటే అంత సులువా?

శివరాజు చెప్పిన రెండో సంగతి, రోజూ పుస్తకం చదవాలని. అదీ మాతృభాషలో చదివితేనే గుండెకు ఎక్కుతుందట. ఈ మాట కూడా ఆయన కన్నడలోనే చెప్పాడు. రామాంజినేయులు పనిగట్టుకుని హిందూపురం వెళ్లి, బస్టాండు అంగట్లో తెలుగు పుస్తకం కొన్నాడు. అట్ట మీద సూర్యుడు ఉదయిస్తున్నాడు, ఒక మనిషి తల చుట్టూ వెలుగు వస్తోంది. జీవిత వికాసం కాక మరేమై ఉంటుంది? అంగడివాణ్ని అడగలేదు. పెద్దమనిషి అడిగితే బాగుండదు కదా.

అసలు సంగతేమిటంటే ఆయనకు తెలుగు చదవడం రాదు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ, మాట్లాడేది ఒకటి, రాసేది ఇంకొకటి. పావగడ పక్క ఇది వింతేమీ కాదు. పుస్తకం తెరిస్తే సగం అక్షరాలు చుట్టాల్లా పలకరించాయి, మిగతా సగం ముఖం తిప్పుకున్నాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. రోజూ పొద్దున్నే చిన్నరంగప్ప టీ హోటల్లో బెంచీ మీద కూర్చుని, పుస్తకం తెరిచి, కాసేపు తల ఊపి, పుట తిప్పేవాడు.

"ఆ బుక్కులో ఏమి చెప్పినారప్పా?" అని చిన్నరంగప్ప గ్లాసులు కడుగుతూ అడిగేవాడు.

"గురి లేని మనిషి పగ్గం లేని ఎద్దుతో సమానమని చెప్పినారు."

"ఎద్దులే లేవు కదప్పా ఇప్పుడు."

"అందుకే చెప్పినారు."

విన్నవాళ్లు టీ తాగి, మాట మార్చి, పోయేవాళ్లు. మొత్తానికి ఊళ్లో ఆయనకు చదువుకున్నవాడని పేరొచ్చింది. కొడుకు ధనంజయ సోలార్ పార్కులో సెక్యూరిటీ పని చేస్తాడు. వాడు కూడా తండ్రి కనపడితే ఫోన్ దాచుకోవడం మొదలుపెట్టాడు, ఎక్కడ పట్టుకుని క్లాసు పీకుతాడోనని.

ధనంజయకు అప్పటికి పెళ్లై ఎన్నో నెలలు కాలేదు. కోడలు సింధుశ్రీది మడకశిర పక్క పల్లె. తెలుగు మీడియంలో ఇంటర్ చదివింది. ఒక ఆదివారం పొద్దున మామ అరుగు మీద కూర్చుని చదువుకుంటుంటే కాఫీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ పుస్తకంలోకి తొంగి చూసింది.

"మామా, మీ మీద బల్లి పడిందా?"

"ఏంది?"

"బల్లి యాడ పడితే ఏమైతాదో చూస్తాండారు కదా, అందుకని అడిగినా."

రామాంజినేయులు పుస్తకం వంక చూశాడు. పుస్తకం ఆయన వంక చూసింది. వికాసం మీద ఇన్నాళ్లూ చెప్పిన ఉపన్యాసాలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఊఁ, పడింది. భుజం మీద," అన్నాడు.

"కుడి భుజమా, ఎడమ భుజమా?"

"కుడి."

"అది ఈ పుటలో లేదు మామా," అంటూ ఆమె రెండు పుటలు వెనక్కి తిప్పి ఇచ్చింది. నవ్వలేదు. తలవంచుకుని లోపలికి పోయింది. వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి మోగాయి.

కాఫీ చల్లారిపోయింది. ఆమె మళ్లీ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"మామా, నాకు కన్నడ అక్షరాలు రావు. మొన్న పావగడలో మనూరి బస్సు అనుకోని చళ్లకెరె బస్సు ఎక్కినా. శానా దూరం పోయినాక తెలిసింది. ఆయనకు చెప్తే నవ్వుతాడని చెప్పలా. మీరు నాకు కన్నడ నేర్పీయండి. నేను మీకు..." అని ఆగి, "నేను మీకు కాఫీ ఇస్తా," అంది.

ఆ ఆగడంలో ఉన్న మర్యాద రామాంజినేయులుకు అర్థమైంది. శిబిరంలో అంత సేపు కూర్చున్నా ఏమీ అర్థం కాలేదు గానీ, ఇది అర్థమైంది.

"కాఫీ వద్దుగానీ, ఈ తెలుగు చెప్పియ్యమ్మా," అన్నాడు.

చదువు మొదలైంది. కన్నడ చెప్పేటప్పుడు ఆయన గురువు, మీసం తిప్పేవాడు. తెలుగు నేర్చేటప్పుడు మాత్రం మొండి శిష్యుడు. ప్రతి అక్షరంతోనూ గట్టు తగాదా పెట్టుకునేవాడు. "దీనికి నెత్తిన ఈ కొమ్ము ఏంది? మా కన్నడలో ఎంత బాగుండాది!" అని విసుక్కునేవాడు. "కొమ్ము కాదు మామా, తలకట్టు. మళ్లీ రాయండి," అనేది కోడలు. ఆయన మళ్లీ రాసేవాడు. అయిదింటికి లేవాలన్న సంగతి మరిచిపోయి, నాలుగింటికే లేచి పలక పట్టుకునేవాడు.

వంటింటి జోలికి ఎవరూ రాకపోవడంతో కెంచమ్మ ప్రాణం కుదుటపడింది. "బల్లి మంచి తావులోనే పడినట్టుండాది," అంది. కోడలు చెప్పిందో, తనే కనిపెట్టిందో ఆయన అడగలేదు.

చదవడం కాస్త వచ్చాక ఆయన టీ హోటల్లో పుస్తకం తెరిచి, ఉన్నదున్నట్టు చదివాడు. ముక్కు మీద పడితే ఇది, మోకాలి మీద పడితే అది అని. పరువు పోతుందనే అనుకున్నాడు. కానీ వికాసం గురించి చెబితే గ్లాసు దించి లేచిపోయినవాళ్లు ఇప్పుడు బెంచీ వదల్లేదు. పెద్దతిమ్మప్ప గట్టు తగాదా మరిచి దగ్గరికి జరిగాడు.

"వీపు మీద పడితే ఏమి రాసినారో చూడప్పా. మొన్న పడింది."

తమని తాము మార్చుకోవడానికి తీరిక లేని ఊరికి, తమ మీద పడ్డ బల్లి తమని మారుస్తుందంటే ఎంతసేపైనా తీరికే. ఆయన ఓపిగ్గా కూడబలుక్కుని చదివి చెప్పాడు. తను నమ్మకపోయినా, అక్షరం తప్పు పోలేదు కదా అని సంతోషించాడు.

ఏడాది తిరిగేలోపు సింధుశ్రీకి సోలార్ పార్కు గేటు దగ్గర, వచ్చేపోయేవాళ్ల పేర్లు కన్నడలో రాసుకునే పని దొరికింది. మొదటి రోజు ఆమెను పనిలో దింపి వస్తూ రామాంజినేయులు దారిపొడుగునా ఎవరు కనపడితే వాళ్లను ఆపి, "మా కోడలు, నా శిష్యురాలు," అని చెప్పాడు.

ఆ మధ్య ఆయనా, కెంచమ్మా మడకశిర పక్కన వియ్యంకుల ఇంటికి వెళ్లారు. సరిహద్దు దాటగానే బోర్డులన్నీ తెలుగైపోయాయి. ఎరువుల అంగడి, చికెన్ సెంటరు, పురుగుమందులు, ఒక్కటీ వదలకుండా ఆయన బస్సులో పైకి చదివాడు. గోడ మీద ఇక్కడ మూత్రం పోయరాదు అన్నది చదివేసరికి కెంచమ్మ మోచేత్తో పొడిచింది.

తిరుగు ప్రయాణంలో మడకశిర బస్టాండులో నిలబడి ఉంటే, సంచి పట్టుకున్న ఒక ముసలామె వచ్చింది.

"నాయనా, ఈ బస్సు పెనుకొండకు పోతాదా?"

ఇంతకాలానికి ఒక మనిషి తనను చదివి చెప్పమని అడిగింది, అదీ బల్లి గురించి కాదు. రామాంజినేయులు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. బోర్డు మీద వేలు పెట్టినట్టుగా గాల్లో వేలు ఆడిస్తూ కూడబలుక్కున్నాడు. "పె... ను..." డ్రైవరు గేరు వేశాడు. "కొం..." బస్సు కదిలింది. మిగిలిన అక్షరం దుమ్ములో దొరకబుచ్చుకుని, గెలిచినవాడిలా ఆమె వైపు తిరిగాడు.

"పోతాదవ్వా!"

"పోయిందిలే నాయనా," అంది ముసలామె.

కెంచమ్మ నవ్వు దాచుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రామాంజినేయులు ముసలామె సంచి తన చేతిలోకి తీసుకుని, తర్వాతి బస్సు వచ్చే వైపుకు నాలుగు అడుగులు ముందుకు పోయి నిలబడ్డాడు. ఈసారి దూరం నుంచే చదవడం మొదలుపెట్టాలని.