సాంచె చెక్క గిటార్

మా బావ పోయాడన్న కబురు నాకు బ్యాంకులో తెలిసింది. మధ్యాహ్నం కౌంటర్ మూసి టిఫిన్ డబ్బా విప్పబోతుంటే అక్క ఫోన్ చేసింది. "చెల్లె, బావ లేడే" అంది. పొద్దున షిఫ్టుకి వెళ్లి, సాంచెల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. తోటివాళ్లు రిక్షాలో ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. యాభై రెండేళ్లు ఆయనకి.

నెల దాటింది. ఈ నెలలో ఆయన గురించి చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. నెమ్మదస్తుడని, ఒకరి జోలికి పోడని, చెడిన సాంచెను చప్పుడు విని బాగుచేసేవాడని. అన్నీ నిజమే. ఎవరూ చెప్పనిది ఒకటి మిగిలింది, అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా బావ చవక బేస్ గిటార్లు తెచ్చి, విప్పి, మార్చి, వాటిచేత పాడించిన మనిషి.

బేస్ అంటే నాలుగు లావు తీగలుండే గిటార్. పాటలో దాన్ని ప్రత్యేకంగా ఎవరూ వినరు. అది ఆగిపోతే మాత్రం పాట కింద నేల లేనట్టుంటుంది. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఇరవయ్యేళ్ల వయసులో సూరత్ వచ్చి, అమ్రోలిలో ఒక గదిలో కాపురం పెట్టిన సాంచెల కార్మికుడికి దానితో ఏం పని? నేనూ అదే అడిగాను.

ఆదివారం పాత సామాన్ల బజారులో మెడ విరిగిన బేస్ గిటార్ ఒకటి ఆయన కంటపడింది. ఇనుప ముక్కల కుప్పలో పడి ఉందట. సంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అక్క గుమ్మంలోనే నిలబడి "గిదేంది, కట్టెలకు తెచ్చినవా?" అంది.

నేను అడిగినప్పుడు ఆయన ఎడమ చెయ్యి చాపి చూపించాడు. ఉంగరపు వేలి చివర సాంచెలో పడి తెగిపోయి చాలా ఏళ్లయింది. "మామూలు గిటారుకు అన్ని వేళ్లు ఒక్కపాలి నొక్కాలె. గిది ఒక్కపాలికి ఒక్క తీగెనే అడుగుతది. నా చేతికి సరిపోతది పిల్లా" అన్నాడు. ఇంకో కారణం కూడా చెప్పాడు. "సాంచెల చప్పుడుకు నా చెవులు సగం పోయినయి. సన్నటివి ఇనరావు. పిట్ట కూత సుత ఇనరాదు. గీ బొంగురు గొంతు మాత్రం సాఫ్ ఇనవడ్తది."

ఆయన వినికిడి తగ్గిందని ఆ రోజుదాకా నాకు తెలియదు. అక్కకీ తెలియదు.

ఆ విరిగిన మెడని ఫెవికాల్ పెట్టి, నూలు దారంతో చుట్టి అతికించాడు. అదే మొదలు. తర్వాత ఇంకొకటి వచ్చింది, ఆ తర్వాత మరొకటి. అన్నీ అందరూ వదిలేసినవే. తీగలు మరీ ఎత్తులో ఉండి వేళ్లు కోసేది ఒకటి, గర్రుమని అరిచేది ఒకటి, శ్రుతి నిలవనిది ఒకటి. మెడ మీది ఇత్తడి పట్టీలను ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసేవాడు. తీగలు ఆనే చోట ప్లాస్టిక్ ముక్క తీసేసి, సాంచెలో దారం మోసే నాడె అరిగిపోతే, దాని నుంచి కోసిన చెక్క ముక్కని అమర్చేవాడు. దారాన్ని లక్షసార్లు అటూ ఇటూ మోసిన నాడె చెక్క అంత నున్నటిది ఇంకెక్కడా దొరకదనేవాడు.

అన్నిటికంటే నాకు నచ్చింది పికప్ చుట్టడం. తీగల కింద ఉండి, వాటి కదలికను కరెంటుగా మార్చే చిన్న పెట్టె అది. లోపల వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. చవక గిటార్లలో అది అడ్డదిడ్డంగా చుట్టి ఉండేది. బావ దాన్ని విప్పేసి, కండెలు చుట్టే మిషన్ మీద మళ్లీ చుట్టేవాడు. రాగి తీగని రెండు వేళ్ల మధ్యనుంచి వదులుతూ, ఊపిరి కూడా మెల్లగా తీసుకునేవాడు. "బిగిస్తే తెగుతది, ఇడిస్తే ఉబ్బుతది. పోగు చేతుల ఉన్నట్టు తెలువాలె, గుంజినట్టు తెలువొద్దు" అనేవాడు. ముప్పై ఏళ్లు దారం పట్టిన వేళ్లవి. ఆ పని బడికి పోయి నేర్చుకుంటే వచ్చేది కాదు.

తీగలు పాతబడి మొద్దుగా పలికితే కొత్తవి కొనేవాడు కాదు. సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టి, తుడిచి, ఆరబెట్టేవాడు. నిజంగానే మళ్లీ గణగణమనేవి. ఒకసారి అక్క లేనప్పుడు పప్పు గిన్నెలో ఉడకబెట్టాడు. అక్క వచ్చి మూత తీసి చూసింది. "ఇయ్యాల గియ్యే తిను" అని గిన్నె ఆయన ముందు పెట్టింది. ఆయన సీరియస్‌గా ఒక తీగ పైకెత్తి, "ఇంక జర ఉడకాలె" అన్నాడు. అక్క కోపం అక్కడితో సరి.

ఒక ఆదివారం నేను వెళ్తే గిటార్ నా ఒళ్లో పెట్టాడు. నాకు రాదన్నాను. "ఈ ఒక్క తీగె కొట్టుకుంట ఉండు. నువ్వు ఏడికి పోకు. నేను తిరిగొస్త" అని ఇంకో గిటార్ తీసుకున్నాడు. నేను ఆ ఒక్క తీగనే గడియారంలా కొడుతున్నాను. ఆయన దాని చుట్టూ ఎక్కడెక్కడికో వెళ్లి, ప్రతిసారీ సరిగ్గా నా దెబ్బ దగ్గరికి వచ్చి దిగేవాడు. వచ్చినప్పుడల్లా నవ్వేవాడు. నా వేలు బొబ్బలెక్కింది. అంత సంతోషంగా నేను ఏ పనీ చేసి ఎరగను.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతి ఒకటి చెప్పాలి.

నాకు చదువబ్బింది, సూరత్‌లోనే బ్యాంకు ఉద్యోగం వచ్చింది, అడాజన్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. ఒకరోజు అక్క పంపిన పచ్చడి ఇవ్వడానికి బావ బ్యాంకుకే వచ్చాడు. జుట్టులో నూలు దూది, భుజాన పాత చీర ముక్కలో చుట్టిన గిటార్ మెడ. మేం బెన్ అని పిలిచే నా పక్క సీటు గుజరాతీ ఆవిడ "ఎవరాయన?" అని హిందీలో అడిగింది. "తెలిసినాయన" అన్నాను. బావకి హిందీ బాగా వచ్చు. సీసా బల్ల మీద పెట్టి, "వస్త మరి" అని వెళ్లిపోయాడు. అక్కకి చెప్తాడని భయపడ్డాను. చెప్పలేదు.

2006 ఆగస్టులో తాపీ నది పొంగింది. అమ్రోలిలో వాళ్లది కింది గది. నీళ్లు వీధి దాటి గడపెక్కుతుంటే పై అంతస్తుకి సామాన్లు చేర్చడానికి చేతిలో ఉన్న సమయం కొంచెమే. అక్క ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టేది. బావ ముందు ఆ కుట్టు మిషన్ ఎత్తుకెళ్లాడు. రెండోసారి జనం ఇచ్చిన చీరల మూటలు. "మూటలు నేను తెస్త, నువ్వు నీ గిటార్లు తీస్కపో" అని అక్క అరిచిందట. "అవి నేను చేసినయే. మళ్ల చేస్త. చీరలు మంది సొమ్ము" అన్నాడట. మూడోసారి దిగేసరికి నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఇక వెళ్లలేకపోయాడు.

మా ఇంటి చుట్టూ కూడా నీళ్లే. నీళ్లు తీశాక, ఫోన్లు పనిచేయకపోతే నడిచీ, ట్రాక్టర్ ఎక్కీ వాళ్ల దగ్గరికి చేరాను. మూడు గిటార్లూ బురదలోంచి తీసి డాబా మీద పరిచి ఉన్నాయి. ప్లైవుడ్ ఒళ్లు తడిసిన పుస్తకాల్లా పొరలు విచ్చుకున్నాయి. మెడలు వంకరపోయాయి. బావ వాటి ముందు గొంతుక్కూర్చుని, స్క్రూలు ఒక్కొక్కటే తీసి కిరసనాయిలు గిన్నెలో వేస్తున్నాడు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. "మూడిట్ల ఒక్కటైతే లేస్తది పిల్లా" అన్నాడు.

పది రోజుల తర్వాత ఆయన్ని వెతుక్కుంటూ నవరాత్రికి గర్బా నాట్యాలకు వాయించే ఆర్కెస్ట్రా పెద్దాయన ఒకాయన వచ్చాడు. అడాజన్‌లోని వాళ్ల గోదాములో వాద్యాలన్నీ మునిగాయి. ఖరీదైన ఫారిన్ బేస్ గిటార్ కూడా పోయింది. దాన్ని వాయించేవాడు ఊరు విడిచి వెళ్లిపోయాడు. నవరాత్రికి ఇంకా నెలే ఉంది. బావ అప్పటికి వాళ్ల వైర్లు, తీగలు బాగుచేసి పెడుతుండేవాడు గానీ ఎన్నడూ స్టేజీ ఎక్కలేదు. "వాద్యం నువ్వే తయారుచెయ్యాలి, వాయించేదీ నువ్వే" అన్నాడు పెద్దాయన.

బావ వెంటనే ఒప్పుకోలేదు. "కారీగర్‌ని సాబ్, పనిచేసేటోన్ని. మందిల ఎన్నడు వాయించలే" అన్నాడు. అక్క కుట్టు ఆపి, తలెత్తకుండానే "ఇంట్ల నా ముంగట వాయించలేదా? నేను మందిని కానా?" అంది. బావ ఒప్పుకున్నాడు.

ఆయన పనిచేసే కార్ఖానాలో వరదకి పాడైన సాంచెలను తుక్కుగా విరుస్తున్నారు. నాడె పరుగెత్తే పొడుగాటి చెక్క ఒకటి సేటుని అడిగి తెచ్చుకున్నాడు. ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడిన గట్టి చెక్క. నీళ్లలో నాని కూడా వంగలేదు. దాన్ని కోసి, ముక్కలు పక్కపక్కన అతికించి ఒళ్లు తయారుచేశాడు. మూడు మెడల్లో మంచిదాన్ని ఇనుప పట్టీకి కట్టి, రోజుకింత బిగిస్తూ సరిచేశాడు. మూడిట్లోని పికప్‌ల నుంచి పనికొచ్చే అయస్కాంతాలు ఏరి, కొత్త తీగ చుట్టాడు. రంగు వెయ్యలేదు. నాడె పరుగెత్తిన గీతలు దాని ముఖం మీద అలాగే ఉంచాడు.

నవరాత్రి మొదటి రోజు సాయంత్రం మైదానంలో పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, బరువుకి తూలి, "ఏ కంపెనీ ఇది?" అన్నాడు. "సాంచె కంపెనీ సాబ్" అన్నాడు బావ.

మా బ్యాంకువాళ్లందరం ఆ మైదానానికే వెళ్లాం. ఊరు ఇంకా బురద వాసన వేస్తూనే ఉంది. ఎవరి ఇల్లు చూసినా గోడ మీద నీళ్ల గీత. జనం వస్తారో రారో అనుకున్నారు. వచ్చారు. పాట మొదలయ్యాక ఆ బేస్ నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. చెవికంటే ముందు అరికాళ్లకి తెలిసింది. మొదట బితుకుబితుకుమంటూ తిరుగుతున్న గర్బా వలయం నిమిషాల్లో నిండింది. వరదలో ఇంట్లో సమస్తం పోగొట్టుకున్న మా ప్యూన్ కూడా చేతులు ఎత్తి తిరిగాడు. స్టేజీ మీద వెనక వరసలో, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, కళ్లు మూసుకుని, తెగిన వేలు పక్కన పెట్టి మిగతా వేళ్లతో బావ వాయిస్తున్నాడు. మైదానం తాడు అవతల అమ్రోలి నుంచి వచ్చిన మన తెలుగు కార్మికులు యాభైమంది దాకా నిలబడ్డారు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

నా పక్క సీటు బెన్ రొప్పుతూ వచ్చి, "ఈ సంవత్సరం కాళ్లు వాటంతటవే పడుతున్నాయి. ఆ బేస్ ఎవరు?" అంది.

"మా బావ" అన్నాను. "మా అక్క భర్త. అమ్రోలిలో సాంచెల మీద పనిచేస్తాడు. ఆ గిటార్ కూడా ఆయనే చేశాడు." ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ పచ్చడి సీసా రోజు ఆమెకీ గుర్తొచ్చిందనుకుంటాను. నా చెయ్యి పట్టుకుని వలయంలోకి లాక్కెళ్లింది.

తర్వాత ఒకనాడు ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు బ్యాంకులో నేనన్నది నీకు వినబడింది కదా బావా?"

"ఇనవడ్డది" అన్నాడు. "తెలిసినాయన అన్నవు. తెలువనాయన అనలే గద." అని టీ గ్లాసు నా చేతికిచ్చాడు.

ఆ తర్వాత రెండు నవరాత్రులు కూడా ఆర్కెస్ట్రావాళ్లు ఆయన్నే పిలిచారు. మరుసటి ఏడు పెద్దాయన కొత్త ఫారిన్ బేస్ తెప్పించి మర్యాదగా చేతికిచ్చాడు. బావ ఒక సాయంత్రమంతా వాయించి, పెట్టెలో జాగ్రత్తగా పడుకోబెట్టి, తిరిగి ఇచ్చేశాడు. "మంచిగుంది సాబ్. అయితే దీంట్ల నేను చేసేదేం లేదు. అన్ని వాళ్లే చేసిండ్రు" అన్నాడు. కొనలేక అన్న మాట కాదది. చవక వస్తువులో ఎవరో సగంలో వదిలేసిన పని ఉంటుందని, దాన్ని పూర్తిచెయ్యడమే తన సంతోషమని ఆయన చెప్పిన తీరు అది.

ఆయన చేసిన గిటార్లు ఇప్పుడు ఈ ఊళ్లో చాలాచోట్ల ఉన్నాయి. కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే ఒకాయన దగ్గర ఒకటి, ఒక కాలేజీ పిల్లల బృందం దగ్గర ఒకటి. దినం రోజున ఆ రెండూ మోసుకుని వాళ్లు అక్క ఇంటికి వచ్చారు. ఎక్కడ పెట్టాలో తెలియక గోడకి ఆనించి, వాటి పక్కనే నేల మీద కూర్చున్నారు. అక్క వాటిని తుడిచి, వాళ్లకి అన్నం పెట్టి, మళ్లీ వాళ్ల చేతికే ఇచ్చింది. "వాయించుండ్రి" అంది.

నాకు ఆయన తలపుకొస్తే నవరాత్రి స్టేజీ ముందుగా గుర్తురాదు. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది. కరెంటు లేదు. స్పీకర్ పనిచేయదు. కరెంటు లేని బేస్ పక్కన కూర్చున్నవాళ్లకి కూడా వినబడదు. బావ గిటార్ తల చివరని చెక్క బీరువాకి ఆనించి తీగ మీటాడు. బీరువా మొత్తం మెల్లగా, లోతుగా పలికింది. బట్టలు మడతపెడుతున్న అక్క జరిగి వచ్చి, బీరువా తలుపుకి వీపు ఆనించి కూర్చుని, కళ్లు మూసుకుంది. ఆయన వాయిస్తూనే ఉన్నాడు. ఆమె చేతిలో సగం మడిచిన చీర చాలాసేపు అలాగే ఉండిపోయింది.