ఎదురుకాళ్ల రాజవ్వ

గుమ్మడిదల దగ్గరి ఆ ఊళ్లో నడుము పట్టేసినవాడు ఎవడైనా ముందు రాజవ్వ ఇంటికే పోయేవాడు. ఆమె తల్లి కడుపులోంచి కాళ్లు ముందుపెట్టి వచ్చిన మనిషి. అట్లా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని నమ్మకం. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడే వాళ్ల నాయన వాకిట్లో గొంగడి పరిచి, పక్కింటి ముసలాయన్ని బోర్లా పడుకోబెట్టి, "ఎక్కు బిడ్డా" అన్నాడు. అప్పటి నుంచి యాభై ఏండ్లు తొక్కుతూనే ఉంది.

మొదట్లో వచ్చేవాళ్లు నాట్లు వేసి, మోపులెత్తి వంగిపోయినవాళ్లు. ఊరి చుట్టూ మందుల కంపెనీలు లేచాక డ్రమ్ములెత్తేవాళ్లు రాసాగారు. ఆదివారం పొద్దున్నే గోడ పొంటి వరసగా కూర్చునేవాళ్లు. రాజవ్వ ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఎడమ మడమ ఆనించి మెల్లగా బరువు దించేది. ఎక్కడ బిగిసిందో ఆ మడమకే తెలిసేది. పదిమందిలో ఏడెనిమిది మంది లేచి నిటారుగా నడిచిపోయేవాళ్లు. మిగిలినవాళ్లు ఏమయ్యారో ఆమె ఎన్నడూ ఆరా తీయలేదు.

సంగప్ప నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చి, భార్య బీరమ్మతో ఆ ఊళ్లోనే కిరాయికి ఉండేవాడు. కంపెనీలో కాంట్రాక్టు కింద లోడింగ్ పని. ఆ వానాకాలంలో ఒక్క నెలలోనే మూడుసార్లు వచ్చి గొంగడి మీద పడుకున్నాడు. మూడోసారి పడుకునే ముందు ఆమె దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"అవ్వా, ఈపాలి వేరే తీరుగున్నది. కూసుంటే కింద మొద్దుబారినట్టున్నది. చెయ్యి పెడితే నా ఒళ్లు కాదన్నట్టే ఉంటున్నది."

రాజవ్వ విన్నది. అట్లాంటి మాట ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. గొంగడి సర్దుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గోడ పొంటి ఇంకా ఆరుగురు కూర్చుని చూస్తున్నారు. దవాఖానకు పొమ్మనే మాట ఆమె నోట ఏనాడూ రాలేదు.

"గదే సల్లబడ్తది, పండుకో" అన్నది. తొక్కింది.

సోమవారం సంగప్ప డ్యూటీకి పోలేదు. ఆ రోజే మూత్రం బంద్ అయింది. సిగ్గుపడి భార్యకు కూడా చెప్పలేదు. మంగళవారం మధ్యాహ్నానికి పొత్తికడుపు ఉబ్బి, కుడికాలు ఈడ్చుకుంటుంటే బీరమ్మ ఆటో పిలిచి పటాన్‌చెరు తీసుకుపోయింది. స్కానింగ్ తీసి ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు.

మూడోనాడు రాజవ్వ చూడటానికి పోయింది. పక్కకు తిరిగి పడుకున్న సంగప్ప నడుము మీద పట్టీ చూసి ఆమె ప్రాణం కుదుటపడింది. అంతా కలిపి బొటనవేలంత లేదు. చిన్న కోత పెట్టి, సన్నటి గొట్టంలోంచి కెమెరా పంపి, జారిన డిస్కు ముక్కను తీసేశారని బీరమ్మ చెప్పింది. కోత ఇంతే ఉంటే రోగం కూడా ఇంతేనేమో అనుకున్నది రాజవ్వ.

డాక్టరు వచ్చి సంగప్ప పాదం పైకి లేపమన్నాడు. అది లేవలేదు. మంచం పక్కన మూత్రం సంచి వేలాడుతూనే ఉంది.

"గాయం చిన్నదేనమ్మా" అన్నాడు డాక్టరు బీరమ్మతో. "లోపల నరాల కట్ట రెండు రోజులు నలిగిపోయింది. కింద మొద్దుబారిన రోజే వచ్చుంటే వేరుగా ఉండేది. అప్పుడు ఎవరికైనా చెప్పాడా?"

"ఎవ్వలకు చెప్పలేదు సార్. నాకే చెప్పలేదు."

సంగప్ప గోడవైపు చూస్తున్నాడు. రాజవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కొంతసేపటికి బయట వరండాలో డాక్టరును ఆపి అడిగింది.

"తొక్కితే ఇట్లయితదా సారూ?"

"డిస్కు అప్పటికే జారి ఉంటుంది. తొక్కడం వల్ల ఇంకా జారిందని చెప్పలేను. జారలేదనీ చెప్పలేను."

ఆ తర్వాత ఆమె గొంగడి పరచలేదు. తన మోకాళ్లు నొస్తున్నయని చెప్పి, వచ్చినవాళ్లను తిప్పి పంపింది.

మూడు నెలలు గడిచాయి. సంగప్పకు నడుము నొప్పి మాయమైంది గానీ పాదం వేలాడుతూనే ఉంది. దానికి ప్లాస్టిక్ పట్టా కట్టుకుని నడిచేవాడు. మూత్రానికి రోజుకు నాలుగుసార్లు తనే పైపు పెట్టుకోవాలి. కాంట్రాక్టరు అతని చోట్లో ఇంకొకణ్ని పెట్టుకున్నాడు. ఇప్పుడు బీరమ్మ ఆ కంపెనీలోనే ఊడ్చే పనికి పోతోంది.

ఒకనాడు సంగప్పే ఓ మనిషిని వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. చిట్కుల్‌లో ఉండే సత్తిబాబు, అదే కంపెనీలో ఆపరేటరు, కోస్తా మనిషి.

"నడుం పట్టేసిందండీ. ఇంజెక్షన్లు చేయించుకున్నా తగ్గట్లేదు. సంగప్ప మీ పేరే చెప్పాడు" అన్నాడు.

"జెర తొక్కు అవ్వా, మంచోడు" అన్నాడు సంగప్ప.

రాజవ్వ సత్తిబాబును అరుగు మీద కూర్చోమంది.

"కూసుంటే కింద తెలుస్తున్నదా బిడ్డా? మొద్దుబారినట్టేమన్న ఉన్నదా? మూత్రం మంచిగ వస్తున్నదా?"

"అవన్నీ బానే ఉన్నాయండీ."

సంగప్ప తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"నువ్వు చెప్పినవ్ సంగప్పా. నాకు ఇనబడ్డది. మందిల ఇజ్జత్ పోతదని తొక్కిన. దవాఖానల డాక్టరు అడిగితే కూడ నోరు తెర్వలేదు."

అతను పట్టా కట్టిన కాలివైపు చూసుకున్నాడు.

"నీకు ఇనబడి ఉండదనే అనుకున్ననవ్వా ఇన్నాళ్లు" అన్నాడు. "గందుకే ఎవ్వలకు చెప్పలేదు."

సంగప్ప సత్తిబాబు భుజం పట్టుకుని గేటు దాటిపోయాడు. మళ్లీ ఆ వాకిట్లోకి రాలేదు. బీరమ్మ దారిలో ఎదురైతే కొంగు సర్దుకుని పక్కనుంచి పోయేది.

పక్క ఊళ్లో పోచయ్య అని ఎదురుకాళ్లతో పుట్టినాయన ఒకడున్నాడు. కంపెనీలవాళ్లు ఇప్పుడు అక్కడికే పోతున్నారు. ఒక ఆదివారం రాజవ్వ నడుచుకుంటూ ఆ ఊరికి పోయి, తొక్కేముందు ఏమేం అడగాలో ఆయనకు చెప్పింది. పోచయ్య తల ఊపాడు.

"సరే అక్కా, అడుగుత" అన్నాడు. గోడకు ఒక చెయ్యి ఆనించి, కింద బోర్లా పడుకున్నవాడిని ఏమీ అడగకుండానే వాడి నడుము మీదికి ఎక్కాడు.