పక్కకు జరిగినవాళ్ళు

మా ఆడపడుచును ఇంట్లో అందరూ చిన్నమ్మాయి అనే పిలిచేవారు. యాభై దాటాక కూడా ఆ పిలుపు పోలేదు. ఆస్పత్రిలో ఆమె దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఒకసారి ఇంటికొచ్చి, మావారు "ఏమే చిన్నమ్మాయీ" అని మేడమీదికి కేకేయడం విని నోరు నొక్కుకుని నవ్వారు. ఆమె ఏమీ అనుకోలేదు. "మా అన్నయ్య ముసలాడయ్యానని ఒప్పుకునేదాకా నేను చిన్నదాన్నే," అంది.

ఆమె ఉద్యోగం చెవుల పరీక్ష. బయటి చప్పుడు చొరబడని అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, ఇవతల నుంచి ఒక్కో స్వరం పంపేది. "వినబడితే వేలెత్తండి," అనేది. వినబడకపోయినా వేలెత్తేవాళ్ళ సంగతి ఇంటికొచ్చి చెప్పేది. "తప్పుతామేమోనని వాళ్ళకి భయం వదినా. నా మొహం చూసి ఎత్తేస్తారు. అందుకే నేను మొహం కదపను." పెళ్ళి చేసుకోలేదు. మేడమీద వాటాలో ఒక్కతే ఉండేది, భోజనం మాత్రం మాతోనే.

ఆదివారం మధ్యాహ్నాలు మా ముందుగదిలో నలుగురు చేరేవారు. మావారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి రిటైరయ్యారు. పాత మిషన్లు విప్పేసినప్పుడు పనికిరావని పారేసిన భాగాలు ఏరుకొచ్చి, స్వరం పుట్టించే పెట్టెలు రెండు తయారుచేశారు. ఒకటి తనకి, ఒకటి చెల్లెలికి. వాటికి మెట్లు ఉండవు, రేడియోకి ఉన్నట్టు తిప్పే నాబ్‌లే. మూడో మనిషి వీధి చివర దర్జీ. అతను మామూలు కీబోర్డే కొన్నాడు గాని, మావారి చేత దాని పొట్ట విప్పించి శ్రుతులన్నీ అటూఇటూ జరిపించుకున్నాడు. నాలుగో ఆవిడ లెక్కల టీచరు. ట్యాబ్ తెర మీద వేలు జార్చి వాయించేది.

మామూలు వాయిద్యంలో ఒక మెట్టు మీంచి పక్క మెట్టుకి దూకాలి. వీళ్ళకి ఆ రెండు మెట్ల మధ్య ఉన్న చోటు కావాలి. గుమ్మానికీ గోడకీ మధ్య సందులో కాపురం పెట్టినట్టు అక్కడే ఉండేవారు. ఏం వాయించాలో ముందు అనుకునేవారు కాదు. ఒకరు ఒక స్వరం ఎత్తుకుంటే, మిగతావాళ్ళు మెల్లగా దాని దగ్గరకొచ్చి చేరేవారు. మొదట్లో పక్కింటావిడ వచ్చి, "మీ ఫ్రిజ్ ఏమైనా పాడైందా అండీ?" అని అడిగింది.

నాకు సంగీతం రాదు. ఆ వేళల్లో పక్కగదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. అయినా ఏళ్ళ తరబడి గోడకివతల విన్నాక ఒకటి అర్థమైంది. రెండు స్వరాలు బాగా దగ్గరకొచ్చి, ఇంకా ఒకటి కాకముందు, వాటి మధ్య ఒక అదురు పుడుతుంది. ఎవరో లోపల్నుంచి తలుపు తడుతున్నట్టు. దగ్గరవుతున్నకొద్దీ నెమ్మదిస్తుంది, దూరమైతే జోరందుకుంటుంది. దాన్ని వాళ్ళు కొట్లాట అనేవారు. వాళ్ళ వాయింపుకి ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు దాని గురించే: కొట్లాట ఎవరికి ముందు వినబడితే వాళ్ళు జరగాలి. దగ్గరకా, దూరానికా అన్నది వాళ్ళిష్టం. రెండోవాళ్ళు తమ స్వరం మీదే నిలబడి ఉండాలి.

అన్నాచెల్లెళ్ళు కలిస్తే ఇక చూడక్కర్లేదు. ఆయన ఒక్క వెంట్రుకవాసి పైకి వెళ్తే, ఈమె కిందికి దిగి మళ్ళీ వెనకాలే వచ్చి అంటుకునేది. ఎప్పుడూ ముందు వినేది ఆమే.

"నీ చెవులకి ఊళ్ళో పనేం లేదుటే? నన్ను కాస్త విననివ్వు," అనేవారు మావారు.

"విను. నేను కాదన్నానా? నీకు వినబడేసరికి సాయంత్రమవుతోంది, నేనేం చెయ్యను!"

ఏడాదికోసారైనా ఒకరి మొహం ఒకరు చూసుకోనంత పోట్లాట మామూలు మాటల్లోనూ వచ్చేది వాళ్ళకి, అమ్మ దగ్గర ఎవరు ఎక్కువ తిట్లు తిన్నారన్న దాని మీద. ఆదివారం వచ్చేసరికి పెట్టెల ముందు కూర్చుని దాన్నే కొనసాగించేవారు. చిన్నప్పటి నుంచీ వాళ్ళకి తెలిసిన ప్రేమ అదొక్కటే.

తర్వాత, ఎప్పుడు మొదలైందో చెప్పలేను, చిన్నమ్మాయి జరగడం మానేసింది. ఒక స్వరం పట్టుకుంటే ఇక పట్టుకునే ఉండేది. మావారి స్వరం వచ్చి రాసుకుంటే గది గోడలు అదిరేవి. ఆమె నాబ్ మీద చెయ్యి కదిపేది కాదు. కాసేపు చూసి చూసి ఆయనే జరిగేవారు.

ఇంకొకరైతే ఏమైందని అడిగేవారు. వీళ్ళు అడగలేదు. కళ్ళు మూసుకుని తలలూపారు.

"అక్కయ్యగారు కొత్త దారి పట్టారండీ," అన్నాడు దర్జీ. "మనం గుడ్డని కత్తెర చుట్టూ తిప్పుతాం చూడండి, అలా. కత్తెర కదలదు."

"ఇన్నాళ్ళూ మనం భయపడి జరిగేవాళ్ళమేమో," అంది టీచరమ్మ. "ఆవిడ ధైర్యం చేశారు."

మావారు ఆ రాత్రి అన్నం తింటూ, "మొండిది, మొండిది," అని రెండుమూడుసార్లు అనుకుని మురిసిపోయారు.

వంటింట్లోంచి నేను పిలిస్తే ఆమె పలకకపోవడం నాకు అప్పటికే తెలుస్తోంది. కుళాయి తిప్పి ఉంటే అసలు పలికేది కాదు. ఒకరోజు కూరలు తరుగుతూ కూర్చున్నాం. నా నోటివంకే చూస్తూ వింటోందని గమనించి కత్తిపీట పక్కన పెట్టాను. తనే చెప్పింది.

"ముందు నాకు నేనే పరీక్ష చేసుకున్నాను వదినా. అద్దాల గది తలుపు తీసిపెట్టి, చెయ్యి బయటికి చాపి మీట నొక్కుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. అన్నీ బాగానే వినబడ్డాయి. నొక్కింది నా వేలే కదా, దానికి తెలుసు, అది చెవికి చెప్పేసింది. తర్వాత నా దగ్గర పని నేర్చుకునే పిల్లచేత చేయించాను. పాపం ఆ పిల్ల మొహం కదపకుండా ఉండటం ఇంకా నేర్చుకోలేదు."

"చెవి మిషన్ పెట్టుకుంటే?"

"పెట్టుకుంటాను, రోగుల మాట వినాలిగా. కానీ అది మాటకోసం చేసింది. కదలకుండా నిలిచే స్వరం వస్తే గోల అనుకుని నొక్కేస్తుంది. మన ఆదివారం మొత్తం దానికి గోలే." నవ్వింది. "ఇప్పుడు చెవిలో ఒకటే హోరు, ఎవడో తిష్టవేసి పగలూ రాత్రీ సాధన చేస్తున్నాడు. శ్రుతి లేదు వెధవకి."

"మీ అన్నయ్యకి చెప్పు చిన్నమ్మాయీ."

ఆమె తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. "చెప్తే జాలిపడతాడు. జాలిపడితే నా దగ్గరకి రాడు. ఎక్కడ నాకు వినబడక ఇబ్బందిపడతానోనని దూరంగా తప్పుకుని వాయిస్తాడు. వాడు రాసుకున్నప్పుడే కదా నేనున్నానని నాకు తెలిసేది! నువ్వు చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను.

ఆ తర్వాత ఆదివారాల్లో ఆమె తన కుర్చీని, నలుగురి స్వరాలూ బయటికొచ్చే స్పీకర్ పక్కకి లాక్కుంది. ఎడమచెయ్యి దాని చెక్క మీద ఆనించి కూర్చునేది. కొట్లాట చేతికి తెలుస్తుందట. అదురు వేళ్ళలో మొదలై మోచేతిదాకా వచ్చేదట. కొన్నాళ్ళు అలా నెట్టుకొచ్చింది. మళ్ళీ జరగడం కూడా మొదలుపెట్టింది, కాకపోతే ఆలస్యంగా. మావారు మొదటిసారిగా చెల్లెలి కన్నా ముందు వినగలుగుతున్నానని పొంగిపోయారు. "ఈ వయసులో నా చెవులు పదునెక్కాయే," అన్నారు. ఆమె అవునవునంది.

టీచరమ్మకి తెలిసినవాళ్ళు ఒక గ్రంథాలయం మేడమీది హాల్లో వాయించమని పిలిచారు. ఓ యాభై కుర్చీలు, పాత ఫ్యాన్లు, చివర చిన్న వేదిక. స్పీకర్లు హాలుకి రెండు పక్కలా గోడకి ఎత్తుగా బిగించి ఉన్నాయి. అది చూడగానే చిన్నమ్మాయి నావంక తిరిగింది. ఆమె చెయ్యి ఆనించడానికి అక్కడేమీ లేదు. "ఈసారికి మానెయ్," అన్నాను పెదవులతో. తల అడ్డంగా ఊపింది.

మొదట బాగానే సాగింది. ఆమె ఒక లోతైన స్వరం పట్టుకుంది, మిగతా ముగ్గురూ దాని చుట్టూ చేరారు. ఇంతలో ఆమె పెట్టెలో ఏ తీగ వదులైందో, ఆ స్వరం మీదుగా కీచుమని ఒక అరుపు లేచింది. సన్నగా, సూదిలా. అది తగ్గలేదు. ముందు వరసలో ఒకాయన చెవి మూసుకున్నాడు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. ప్రశాంతంగా నాబ్ మీద చెయ్యేసుకుని కూర్చుంది.

ఆమె కావాలనే ఎత్తుకుందనుకున్నారు వాళ్ళు. ఆమె ఎత్తుకుంటే మనమెందుకు వెనకాడాలనుకున్నారు. దర్జీ తన కీబోర్డు చిట్టచివరి మెట్టుదాకా పోయి ఆ అరుపు పక్కన చేరాడు. టీచరమ్మ తెర అంచుదాకా వేలు జార్చింది. మావారు ముందుకు వంగి, నుదుటి మీద చెమటతో, దానికి వెంట్రుకవాసి కిందగా తన స్వరాన్ని తెచ్చి నిలబెట్టారు. ముగ్గురూ ప్రాణంపెట్టి వాయించారు. మధ్యలో జనం లేచిపోతుంటే, ఇది అందరూ వినగలిగేది కాదులే అన్నట్టు ఇంకాస్త గట్టిగా వాయించారు. చివరికి హాలు చూసుకునేవాడొచ్చి మెయిన్ కట్టేశాడు.

వ్యాన్‌లో తిరిగొస్తుంటే మావారు ఇంకా ఆ ఊపులోనే ఉన్నారు. "ఆ కీచుని ఎలా పట్టుకున్నావే? ఏ నాబ్ మీద?" ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన ఆమె భుజం తట్టి మళ్ళీ అడిగారు.

ఆమె ఆయన నోటివంక చూసింది. "ఏ కీచు?"

ఇల్లు చేరి దిగేటప్పుడు దర్జీ ఆమె పెట్టెని తనే మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ మొయ్యనిచ్చేది కాదు ఆమె. ఆ రోజు మోయనిచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం అందరూ వేళకి వచ్చారు. ఎంత మంచివాళ్ళో! టీచరమ్మ మాట్లాడేటప్పుడు ఆమె ఎదురుగా నిలబడి ఒక్కో మాటా విడదీసి చెప్పింది. దర్జీ స్పీకర్ కింద దూదిపరుపు ముక్క తీసేసి చెక్కపీట వేశాడు, అదురు బాగా తెలుస్తుందని. మావారు ఆమె పెట్టె తీగలన్నీ మళ్ళీ అతికారు. వాయించడం మొదలుపెట్టాక, నేను పక్కగదిలో పుస్తకం మూసేశాను. ఆమె స్వరం మధ్యలో ఉంది. మిగతా మూడూ దానికి ఎడంగా, ఆస్పత్రి మంచం చుట్టూ నిలబడ్డట్టు నిలబడ్డాయి. ఎక్కడా రాసుకోవడం లేదు.

రెండు మూడు వారాలు అలాగే గడిచింది. ఒకరోజు మెట్లెక్కబోతూ ఆగి అంది: "మా అన్నయ్య నాతో కొట్లాడటం మానేశాడు వదినా."

ఆ మాట ఆయన చెవిన వేశాను. ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "అది వినలేదని తెలిసి ఎలా కొట్లాడను? కళ్ళకి గంతలు కట్టినవాణ్ణి కొట్టినట్టుంటుంది," అన్నారు.

అయినా ఆ వారం ప్రయత్నించారు. ఆమె చెక్క మీద చెయ్యి ఆనించి కూర్చుంది. ఆయన మెల్లగా దగ్గరకొచ్చారు. అదురు మొదలైంది, నాకు గోడకివతల తెలుస్తోంది. ఆమె జరగడానికి నాబ్ మీద వేళ్ళు బిగించిందో లేదో, ఆయన తప్పుకున్నారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ ముందే తప్పుకున్నారు. పసిపిల్లలతో పరుగుపందెం పెట్టి పెద్దవాళ్ళు కావాలని వెనకబడతారు చూడండి, అదే. ఆ సంగతి చెవికి దొరక్కపోవచ్చు గాని చేతికి దొరికిపోయింది.

నేను లేచి గుమ్మం దగ్గరకి వెళ్ళాను. చిన్నమ్మాయి తన పెట్టె స్విచ్ ఆపేసింది. దర్జీ, టీచరమ్మ కూడా ఆగిపోయారు. మావారి స్వరం ఒక్కటే మిగిలింది. దాన్ని ఆపడానికి ఆయనకి చేతులు రాలేదు. ఆమె లేచి, స్పీకర్ ఎదురుగా నిలబడి, దాని మీద అరచెయ్యి పరిచింది. కళ్ళు మూసుకుని కాసేపు అలా ఉంది.

"ఎంత నునుపుగా ఉందో అన్నయ్యా," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే మెచ్చుకుంది.

ఆయన పెట్టె మీదికి వంగి ఉన్నారు. మొహం ఆమె వైపు లేదు. "ఆ నునుపు ఎవడిక్కావాలే," అన్నారు.

ఆమె కళ్ళు తెరిచి మా మొహాలు చూసి, ఏదో మాట జరిగిందని గ్రహించింది. "ఏమన్నావు?"

ఆయన ఆమె వైపు తిరిగి, ఏమీ లేదన్నట్టు తల ఊపారు.

ఆమె తన పెట్టెకి గుడ్డ కప్పి మేడమీదికి వెళ్ళిపోయింది. తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది, మాతోనే తిన్నది, నవ్వించింది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం కిందికి దిగలేదు. వాళ్ళు ముగ్గురూ కొన్నాళ్ళు చేరి, తర్వాత చేరడం మానేశారు.