నా చేతికొచ్చే ఖర్జూరం

మా మామయ్య పోయాడని ఫోనొచ్చేసరికి నేను ఒమన్‌లో, సూర్ అనే ఊళ్లో కంపెనీ వ్యాన్‌లోంచి సామాను దింపుతున్నాను. "సరే" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని మిగతా అట్టపెట్టెలు కూడా దింపాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు, ఏం చెయ్యమంటారు?

ఆయన మా అమ్మ తమ్ముడు. సూర్‌కి మూడు గంటల దూరంలో, బర్కాలో ఖర్జూరం తోటలో మోటార్లు చూసేవాడు. నన్ను ఈ దేశం పిలిపించిందీ ఆయనే. తోటలోనే ఒక రూమ్‌లో ఉండేవాళ్లం. కిడ్నీలు పాడయ్యాక రోజు విడిచి రోజు డయాలసిస్‌కి నేనే తీసుకెళ్లేవాణ్ణి. పొటాషియం దిగిపోవాలని కూరగాయ ముక్కలు నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు చెట్ల మొదట్లో పారబోసి వండుకునేవాడు పాపం. "రుచి తోటకి, పిప్పి నాకు" అని నవ్వేవాడు.

పొటాషియం ఎక్కువని డాక్టర్లు ఖర్జూరం అసలే వద్దన్నారు. మా అర్బాబ్, అంటే తోట యజమాని, రోజూ సాయంత్రం చాప పరిచి, ముందు ఖర్జూరం పెట్టి, తర్వాత కహ్వా, అదే వాళ్ల కాఫీ, పోస్తాడు. జబ్బు సంగతి తెలుసు, అయినా ఒక్కటేగా అంటాడు. కాదంటే ముసలాయన మొహం చిన్నబోతుంది. మామయ్య కుడిచేత్తో మర్యాదగా తీసుకుని, పక్కనున్న నా అరచేతిలో పెట్టేసేవాడు.

"నా వాటా లావు కూడా నువ్వే ఎక్కరా అల్లుడూ."

ఒకసారి ఆయనకి గుండె దడ పట్టుకుంది. "ఏం తిన్నావు, నిజం చెప్పు" అని తగులుకున్నాను.

"దడ పుడితే కారణాలు వెతుకుతావేంట్రా? బండి తియ్!" అని కసిరాడు.

హాస్పిటల్లో మన కాకినాడ వైపు నర్సమ్మ కూడా అదే అంది. "పొటాషియం పెరిగినా దడే, ఒంట్లో నీరు చేరినా దడే, రక్తం తగ్గినా దడే. గుండె జబ్బూ కావచ్చు. ఇసిజి తీసి, రక్తం చూస్తేగానీ తెలీదు బాబూ. దడ మొదలైతే చాలు, వెంటనే తీసుకొచ్చెయ్యండి."

"విన్నావా? ఊరికే నన్ను తిండిపోతుని చెయ్యకు" అన్నాడు మామయ్య, మహా గొప్పగా.

నేను సూర్‌లో ఉండిపోయిన సాయంత్రం, కహ్వా దగ్గర అర్బాబ్‌తో ఆయన ఒక్కడే. చాప మీంచి లేస్తుంటేనే దడ మొదలైందట. అర్బాబే హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. తెల్లారి పోయాడు. గుండె ముందే బాగా దెబ్బతినుందనీ, ఫలానాదే కారణమని చెప్పలేమనీ అన్నాడు డాక్టర్. తలూపాను. సూర్ నుంచి వచ్చిన దారి పొడుగునా నా బుర్రలో ఒకటే ప్రశ్న. నేను పక్కన లేను కదా, ఆ ఖర్జూరం ఏం చేశాడు? తినేశాడా?

హాస్పిటల్ వాళ్లు ఆయన బట్టలు ఒక సంచిలో ఇచ్చారు. వ్యాన్‌లో కూర్చుని చొక్కా జేబు తడిమాను. టిష్యూ కాగితంలో చుట్టిన ఖర్జూరం. కాగితం అంటుకుపోయింది. ఎక్కడా కొరకలేదు. నేనొస్తే ఇద్దామని దాచాడు.

అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వెనక కారతను హారన్ మీద హారన్ కొడుతున్నాడు, బండి తియ్యమని. నా చెయ్యి అలా తెరిచే ఉంది.