రెండు టార్చి బల్బులు

ఎనభైల్లో ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగు మీడియం బడిలో సైన్సు టీచరుగా చేరాను. మాది రాజమండ్రి వైపు. ఇక్కడ నాకెవరూ లేరు. ఖరిదా అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ బెంగాలీలో ఏదో అడిగేది, నేను నవ్వి ఊరుకునేదాన్ని. బళ్లో మాట్లాడిందే మాట్లాడటం.

బోర్డు మీద బొమ్మలు బాగా వేసేదాన్ని, పాఠం గడగడా చెప్పేదాన్ని. పాఠం చెప్పడమంటే అదే అనుకున్నాను.

తొమ్మిదో తరగతిలో విద్యుత్తు పాఠం. ఒకదాని వెనక ఒకటి కలిపిన రెండు బల్బుల్లో, కరెంటు ముందు చేరేదే ఎక్కువ వెలుగుతుందని చెప్పాను. పుస్తకంలో ఆ మాట లేదు, నా ఊహే. రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు కూతురు లేచి నిలబడింది.

"క్రిస్మస్‌కి మా ఇంట్లో సీరియల్ లైట్లు కడతామండి టీచరుగారూ. అన్నీ ఒక్కలాగే ఎలుగుతాయి. మరదేటండి?"

పండగ లైట్లు వేరు, పాఠం వేరు, కూర్చోమన్నాను. కూర్చుంది. వారం గడిచినా ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తలేదు. అది నన్ను తొలిచేసింది.

ఆదివారం బజారుకెళ్లి రెండు టార్చి బల్బులు, బ్యాటరీలు, కాస్త వైరు కొన్నాను. డిగ్రీ చదివినదాన్ని, వైరు ఒలవడం మాత్రం అదే మొదటిసారి. మంచం మీద కూర్చుని కలిపాను. రెండో బల్బు కొంచెం మసకగా ఉంది. నా మాటే నెగ్గిందనిపించింది. అయినా ఎందుకో బల్బుల చోట్లు మార్చాను. మసక బల్బు ముందుకొచ్చినా మసకగానే ఉంది. తేడా బల్బుది, చోటుది కాదు. ఆ సంగతి చెప్పుకోడానికి ఎవరూ లేరు. మధ్యాహ్నమంతా వాటిని అటూ ఇటూ మారుస్తూ కూర్చున్నాను.

సోమవారం, నేను చెప్పింది తప్పని క్లాసులో ఒప్పుకున్నాను. ఎవరేమనుకుంటున్నారో ముందు అడిగి, ఆ పిల్లనే పిలిచి బల్బులు కలపమన్నాను. నాకన్నా చకచకా వైరు ఒలిచింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"మీకు తెలీదా అండి?"

"తెలీదమ్మా. నిన్ననే తెలిసింది."

కబురు స్టాఫ్‌రూముకి చేరింది. పిల్లల ముందు అలా ఒప్పుకుంటే "రేపట్నించి మనల్ని ఎవులు లెక్కసేస్తారమ్మా" అన్నారు పెద్ద మాస్టారు. ఆ తర్వాత టిఫిను వేళ నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

తొంభైల్లో బదిలీ అయ్యేదాకా ల్యాబు గదిలోనే అన్నం తిన్నాను. తింటూనే మర్నాటి ప్రయోగం ఒకసారి చేసి చూసుకునేదాన్ని. మొదట్లో, ఎవరైనా వస్తారేమోనని తలుపు తీసే ఉంచేదాన్ని.